హవల్లీ గుమ్మాల్లో గొంతులు

డాక్టర్ వెంకటరాజు మాట్లాడే తెలుగు విని కువైట్ హవల్లీలో మొదటిసారి నవ్వని తెలుగువాడు లేడు. రైలును పొగబండి అంటాడు. ఆసుపత్రిని ఆస్పితాలు అంటాడు. కోనసీమ కుర్రాళ్ళు సూది వేయించుకుంటూ, "మీరు అచ్చం మా తాతమ్మలా మాట్లాడతారండి" అంటే ఆయన కూడా వాళ్ళతో కలిసి నవ్వేసేవాడు.

ఆ తెలుగు నాయనమ్మ దగ్గర అబ్బింది. ఆవిడ గోదావరి ఒడ్డున పుట్టి, పెళ్ళయిన కొత్తలోనే మొగుడి వెంట ఓడెక్కి, పసిఫిక్ సముద్రం నడుమ ఉన్న ఫిజీ దీవులకు చెరకు నరకడానికి పోయిన మనిషి. మళ్ళీ ఈ గట్టు చూడలేదు. మనవడికి తెలుగు అక్షరం ఒక్కటి రాదు. ఆవిడ మాట మాత్రం నాలుక మీద అలాగే నిలిచిపోయింది.

ఫిజీ రాజధాని సువాలో వైద్యం చదివి, లబాసా దగ్గర చెరకు రైతులకు ఏళ్ళ తరబడి మందిచ్చాడు వెంకటరాజు. 1987లో అక్కడి సైన్యం ఎన్నికైన ప్రభుత్వాన్ని కూల్చింది. భారతీయుల కొట్ల మీద రాళ్ళు పడ్డాయి. రైతు సంఘం పెద్దలు ఆయన వరండాలో కూర్చుని, "నువ్వు ముందుకు రా డాక్టరూ, నీ మాటకు విలువుంది" అని అడిగారు. నాడి చూడమంటే చూస్తాను గాని ఉపన్యాసాలు నా వల్ల కాదన్నాడు. ఆ ఏడాది దీవులు వదిలి వెళ్ళిన చాలామంది డాక్టర్లలాగే ఆయనా పెట్టె సర్దుకున్నాడు. కొన్నాళ్ళకు కువైట్‌లో, హవల్లీలోని ఒక ప్రైవేటు క్లినిక్‌లో తేలాడు. రాజకీయం లేని చోట బతకాలనుకున్నాడు. అది దొరికిందనే అనుకున్నాడు.

1990 ఆగస్టులో ఒక గురువారం తెల్లవారేసరికి ఇరాక్ ట్యాంకులు ఊళ్ళోకి వచ్చేశాయి.

భార్య సత్యదుర్గ అప్పటికి ఆక్లాండ్‌లో తమ్ముడింట్లో ఉంది. పిల్లల సెలవులని వెళ్ళింది. పైదేశాలకు ఫోను తీగలు తెగిపోయాయి కాబట్టి తాను బతికే ఉన్నానని ఆమెకు చెప్పుకునే దారి లేదు. క్లినిక్ నడిపే కువైటీ యజమాని, కఫీల్, వేసవికి లండన్ వెళ్ళి అక్కడే చిక్కుకున్నాడు. తోటి డాక్టర్లు ఒకరి వెంట ఒకరు కార్లలో జోర్డాన్ దారి పట్టారు. చివరికి క్లినిక్‌లో ఇద్దరే మిగిలారు. ఒకరు వెంకటరాజు. రెండో మనిషి మహబూబ్ బీ. రాయచోటి నుంచి వచ్చి క్లినిక్ ఊడ్చి తుడిచే పెద్దావిడ. తాళాలన్నీ ఆమె కొంగుకే ఉండేవి.

"నువ్వు పోలేదేం సార్?" అని అడిగింది ఒకరోజు.

"రోగులు వస్తున్నారు గదా."

"వాళ్ళు రావడం మానేస్తే?"

ఆయన మందుల అలమర తాళం అడిగి తీసుకున్నాడు.

మధ్యాహ్నం క్లినిక్ నుంచి తన ఫ్లాటుకు నడిచి వెళ్ళేవాడు. కారు బయటికి తీస్తే సైనికులు లాక్కుంటారని భయం. ఎండకు కాళ్ళు పొంగుతాయని బూట్లు వదిలేసి తోలుచెప్పులు తొడిగేవాడు. ఆ నడకలోనే హవల్లీ ఆయనకు వింతగా కనిపించడం మొదలైంది.

మనుషులు పోయారు గాని ఇళ్ళు బతికే ఉన్నాయి. కరెంటు ఉంది. ఎవరూ లేని ఫ్లాట్లలో ఏసీలు పని చేస్తూనే ఉన్నాయి. గొట్టాల్లోంచి నీళ్ళు పేవ్‌మెంటు మీద టప్ టప్ మంటూ పడుతూ ఉండేవి. పట్టపగలు మేడల్లో దీపాలు వెలుగుతూ ఉండేవి. ఒక్క బండీ లేని కూడలిలో సిగ్నలు ఎర్రగా, పచ్చగా మారుతూ ఉండేది. అలవాటు కొద్దీ ఎర్రలైటు దగ్గర ఆగి, ఎవరి కోసం ఆగానా అని తనలో తానే సిగ్గుపడేవాడు.

అన్నిటికన్నా భయపెట్టినవి ఫోన్లు. ఊళ్ళో తీగలు పని చేస్తున్నాయి. ఏ పేటలోనో మిగిలిన చుట్టాలు తమవాళ్ళ కోసం చేస్తూ ఉండేవారు కాబోలు. ఆయన ఒక మేడ ముందు నడుస్తుంటే లోపల ఫోను మోగేది. దాటగానే ఆగిపోయేది. పక్క మేడ దగ్గరికి వచ్చేసరికి అక్కడ ఇంకోటి మోగేది. ఎవరో తన అడుగులు చూసుకుంటూ ఇంటింటికీ ఫోను చేస్తున్నట్టుండేది. అడుగు వేగం పెంచేవాడు. మళ్ళీ, పరుగెత్తితే చూసినవాడు ఏమనుకుంటాడని తగ్గించేవాడు. చూసేవాడే లేడని ఆ తర్వాత గుర్తొచ్చేది.

అలా ఒక మధ్యాహ్నం, ఆకుపచ్చ పాలరాతి మెట్లున్న ఒక మేడ గుమ్మం దాటుతున్నాడు. చెవి పక్కనే ఒక గొంతు వినిపించింది.

"బాబూ. చెప్పులేనా?"

తెలుగు. అందులోనూ ఆ సాగదీత, ఆ మెత్తదనం, ఎప్పుడో చనిపోయిన నాయనమ్మది. గుమ్మం వైపు చూశాడు. గాజు తలుపు మూసి ఉంది. లోపల ఖాళీ వసారా, ఎండిపోయిన మొక్క ఒకటి. మనిషి జాడ లేదు.

"బూట్లు కాదు గదండీ," అంది గొంతు మళ్ళీ. గోడలోంచి వచ్చినట్టుంది.

వెంకటరాజు నిలబడలేదు. ఇంటికి పోయి తలుపు గడియ వేసుకుని, తన నాడి తానే చూసుకున్నాడు. ఒంటరితనం, ఎండ, నిద్రలేమి. ఈ మూడూ కలిస్తే మనసు ఏం చేస్తుందో చదువుకున్నవాడే. రోగికైతే నిద్రమాత్ర రాసిచ్చేవాడు.

మర్నాడు ఉదయం క్లినిక్‌లో మహబూబ్ బీతో చెప్పాడు. చెప్పేటప్పుడు నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు.

ఆమె చీపురు పక్కన పెట్టింది. "పేరు పెట్టి పిలిచిందా సార్?"

"లేదు."

"పేరు తెలీని గొంతుకు పలకగూడదు. ఆ పక్కకి పోవాకు. ఇండ్లు ఖాళీ అయితే ఏమేమో వచ్చి కూకుంటాయి."

ఆయన తల ఊపాడు. మధ్యాహ్నం వేరే వీధిలోంచే ఇంటికి వెళ్ళాడు. భోజనం దగ్గర కూర్చున్నాడు గాని ముద్ద దిగలేదు. దెయ్యానికి బూట్లతో పనేమిటి? ఆ ప్రశ్న పట్టుకుని వదల్లేదు. లేచి, చెయ్యి కడుక్కుని, ఆ ఎండలోనే వెనక్కి నడిచాడు.

మేడ ముందు నిలబడి కావాలనే చెప్పులు టపటపమని నేలకేసి కొట్టాడు.

"వచ్చారా బాబూ," అంది గొంతు. "నిన్న కూడా మీరేనండి. ఎడం కాలు ఈడుస్తారు."

ఈసారి ఆయన కళ్ళు గోడను వెతికాయి. గుమ్మం పక్కన ఇత్తడి పలక, దాని మీద వరసగా బెల్లు మీటలు, కింద చిన్న చిన్న చిల్లులు. పైనున్న ఫ్లాటులో ఫోనులాంటి గొట్టం ఎత్తితే కింద గుమ్మం దగ్గర మాట వినిపించే యంత్రం. గొంతు దాంట్లోంచి వస్తోంది.

"ఎవరమ్మా నువ్వు? ఎక్కడున్నావు?"

ఏడుపు మింగుకున్న చప్పుడు వినిపించింది. "తెలుగోరేనా అండి మీరు. నేను సూరాయమ్మనండి. రాజోలు కాడ. నాలుగో అంతస్తులో ఉన్నానండి. బయట ఇనప తలుపు తాళం ఏసెళ్ళిపోయేరు."

రాజోలు దగ్గర పల్లె నుంచి ఆ ఇంట్లో వంటపనికి వచ్చిన మనిషి ఆమె. సైన్యం వచ్చిన పొద్దున ఇంటివాళ్ళు పిల్లల్ని తీసుకుని సౌదీ వైపు కారు తోలుకుపోయారు. కారులో చోటు లేదు, సాయంత్రానికి వచ్చేస్తాం అన్నారు. దొంగల భయానికి బయటి తాళం వేశారు. మరి రాలేదు. కిటికీలన్నీ వెనక వైపుకే. వెనక ఖాళీ జాగాలో సైనికులు లారీలు పెట్టుకున్నారు. కిటికీలోంచి కేక వేస్తే వాళ్ళకే వినిపిస్తుంది. అందుకని పరదాలు దించేసి, రోజంతా ఆ గొట్టం చెవికి పెట్టుకుని వీధిని వింటూ కూర్చునేది. బూట్ల చప్పుడు వస్తే ఊపిరి బిగబట్టేది. చెప్పుల చప్పుడొస్తే మాట్లాడేది. ఇన్నాళ్ళలో వీధిన పోయినవాళ్ళెవరికీ ఆమె మాట అర్థం కాలేదు. కొందరు పరుగెత్తడం కూడా ఆమె విన్నది.

మర్నాటి మధ్యాహ్నం వెంకటరాజు చిన్నపుల్లయ్యను తీసుకొచ్చాడు. రాజంపేట మనిషి, సబ్హాన్‌లో గోడౌన్ లారీ నడిపేవాడు. షుగర్ రోగి, మందుకు క్లినిక్‌కి వస్తాడు. మహబూబ్ బీ కూడా వెంట వచ్చింది. దువా చదువుకుంటూనే వచ్చింది. మెట్ల మీద ఇసుక సన్నగా పేరుకుని ఉంది. దాని మీద పిల్లి అడుగులు తప్ప ఏమీ లేవు. నాలుగో అంతస్తులో చిన్నపుల్లయ్య తాళం చేత్తో తూచి చూశాడు.

"ఇది ఇట్ల పోదు సార్. గడ్డపారతో కొట్టాల్సిందే. చప్పుడైతాది."

"ఎంత చప్పుడు?"

"మేడంతా వినపడతాది."

సైనికులు వెనక జాగాలో నిద్రపోయే వేళ అది. కొట్టమన్నాడు. ఆ దెబ్బలు మెట్ల పొడుగునా కిందికీ పైకీ తిరిగి ఖాళీ ఇళ్ళ తలుపుల్ని తట్టొచ్చినట్టు వినిపించాయి. కొక్కెం విరిగింది.

లోపలి మనిషి చిన్నది, తెల్లజుట్టు, చేతిలో ఇంకా ఆ గొట్టం ఉంది. బియ్యం, పప్పు ఇంట్లో ఉండబట్టి బతికింది. వాళ్ళను చూసి ఏడవలేదు. చెవి ఒగ్గి నిలబడింది.

"ఆగిపోయిందండి," అంది.

"ఏమిటమ్మా?"

"పక్క మేడలో ఒకామె ఉందండి. వంటింటి సందులోంచి ఇనపడద్ది. మధ్యాన్నం నేను గిన్నె మీద గరిటెతో కొడితే ఆమె కూడా కొడద్ది. ఏ భాషదో తెలవదు. మాటాడితే అర్థం కాదు, కొడితే అర్థమవుద్ది. ఇప్పుడు మీరొచ్చేదాకా కొడతానే ఉందండి. తాళం మీద దెబ్బ పడ్డాక ఆపేసింది."

ఆమెను మహబూబ్ బీతో క్లినిక్‌కి పంపి, మగవాళ్ళిద్దరూ పక్క మేడ ఎక్కారు. అదే ఎత్తులో, అదే వైపున్న ఫ్లాటు తలుపు బార్లా తెరిచి ఉంది. లోపలి గడియ అప్పుడే తీసినట్టు వేలాడుతోంది. వంటింట్లో కిటికీ పక్కన సత్తు గిన్నె, దాని మీద స్టీలు గరిటె. పొయ్యి మీద టీ. వెంకటరాజు వేళ్ళ వెనక వైపుతో టీ గిన్నెను తాకాడు. వేడిగా ఉంది.

"అమ్మా," అన్నాడు. హిందీలో పిలిచాడు. వచ్చిన కాస్త అరబ్బీలో పిలిచాడు. గది గదీ చూశారు. అలమరాలు తీశారు. పై డాబా మీదికి వెళ్ళారు. తెల్లటి ఎండ, ఆరేసి మరచిన దుప్పటి ఒకటి. ఎవరూ లేరు. దిగి వస్తుంటే చిన్నపుల్లయ్య గడ్డపారను రెండు చేతులా పట్టుకుని నడిచాడు.

"సార్, ఆమె నిజంగా ఉన్నెట్టేనా?"

"టీ వేడిగా ఉంది."

"అదే సార్ నా భయం."

ఆ రోజు నుంచి వెంకటరాజుకు ఒక పని పట్టుకుంది. ఒక గుమ్మంలో ఒక గొంతు ఉందంటే, మిగతా గుమ్మాల్లో ఎన్ని ఉన్నాయో? మధ్యాహ్నం సైనికులు నీడ పట్టున ఉండే వేళ వీధులు తిరిగేవాడు. ప్రతి మేడ ముందు ఆగి, బెల్లు మీటలన్నీ ఒకదాని తర్వాత ఒకటి నొక్కేవాడు. చిల్లుల దగ్గర నోరు పెట్టి, "ఎవరైనా ఉన్నారా? నేను డాక్టరును. భయం లేదు, పలకండి" అనేవాడు. అదే హిందీలో, అదే అరబ్బీలో. జవాబుగా ఎక్కువగా వచ్చేది సన్నటి హోరు. గొట్టం ఎత్తకపోతే ఆ హోరు ఉండదని, ఎవరో ఎత్తి ఊపిరి బిగబట్టి వింటున్నారని సూరాయమ్మ చెప్పాక ఆయనకు తెలిసింది. అప్పుడు నిలబడిపోయేవాడు. గోడకు ముఖం ఆన్చి, మాట పలకని మనిషితో మాట్లాడుతూ ఉండేవాడు. ఎక్కడివాళ్ళమో, ఏం తిన్నామో, క్లినిక్‌లో ఎంతమంది ఆడవాళ్ళు చేరారో చెప్పేవాడు. కొందరు ఆ రోజే పలికేవారు. కొందరు మూడో రోజుకు, నాలుగో రోజుకు పలికేవారు. కొన్నిచోట్ల హోరు ఉన్నట్టుండి తెగిపోయేది. మర్నాడు వెళితే ఉండేది కాదు.

అలా కళావతి అనే కడప పిల్ల దొరికింది. ఇద్దరు కేరళ నర్సులు దొరికారు. కాలు విరిగి కదల్లేని ఒక ముసలి పాకిస్తానీ దర్జీ దొరికాడు. క్లినిక్ గదులు నిండిపోయాయి. సబ్హాన్ నుంచి చిన్నపుల్లయ్య పిండి బస్తాలు తెచ్చాడు, వెనకాలే పని పోయిన మగవాళ్ళు వచ్చారు. చాలక పక్కనున్న మూసేసిన స్కూలు తెరిచారు. ఇక ప్రతిదానికీ ఆయననే అడిగేవారు. ఏ గదిలో ఎవరు, నీళ్ళు ఎవరికి ముందు, గొడవపడ్డ ఇద్దరిలో తప్పెవరిది. గోదావరివాళ్ళ మాట కడపవాళ్ళకు ఎక్కదు, వీళ్ళది వాళ్ళకు ఎక్కదు. ఈయనది ఎవరి ఊరూ కాదు కాబట్టి ఇద్దరూ వినేవారు. "నన్నడుగుతారేం? నేను వైద్యుణ్ణి" అనేవాడు. అని, జవాబు చెప్పేవాడు.

ఒక ఉదయం క్లినిక్ ముందు జీపు ఆగింది. ఇరాకీ కెప్టెన్ ఒకడు సైనికులతో లోపలికి వచ్చాడు. ఎక్స్‌రే యంత్రం పట్టుకుపోవడానికి వచ్చినవాడు గదుల్లో ఇంతమంది ఆడవాళ్ళను చూసి ఆగిపోయాడు. "వీళ్ళకు ఎవరు పూచీ?" అని అరబ్బీలో అడిగాడు.

ఎవరూ పలకలేదు. వెంకటరాజు కూడా పలకలేదు. లబాసాలో తన వరండా, ఎదురుగా కూర్చున్న రైతు పెద్దలు కళ్ళ ముందు మెదిలారు. మహబూబ్ బీ చీపురుతోనే ఆయన వైపు చూపించింది.

"హాదా. రయీస్," అంది. ఈయనే, మా పెద్ద అని ఆమె ఉద్దేశం.

గది బిగుసుకుపోయింది. రయీస్ అనే మాట ఆ సైనికుల దేశంలో ఒక్క మనిషికే, దేశాధ్యక్షుడికే చెల్లుతుంది. ఒక సైనికుడు తుపాకీ సర్దుకున్నాడు. కెప్టెన్ మెల్లగా తిరిగి, "ఏమన్నది?" అని ఇంగ్లీషులో వెంకటరాజును అడిగాడు.

"వీళ్ళ తరఫున నేను జవాబు చెప్తానంది," అన్నాడు వెంకటరాజు. గొంతు తనది కానట్టు వినిపించింది. "అవును, చెప్తాను. అడగండి."

కెప్టెన్ ఏదో అడగబోయి నడుం పట్టుకుని వంగిపోయాడు. ముఖం బూడిదరంగుకు మారింది. మూత్రపిండంలో రాయి అని వెంకటరాజుకు చూడగానే తెలిసింది. బల్ల మీద పడుకోబెట్టి సూది వేశాడు. నొప్పి తగ్గేవరకు పక్కనే కూర్చున్నాడు. సైనికులు వాకిట్లోకి వెళ్ళారు. కాస్త తేరుకున్నాక కెప్టెన్ పైకప్పు చూస్తూ మాట్లాడాడు.

"నువ్వేనా వీధుల్లో గోడలతో మాట్లాడేవాడివి? నా కుర్రాళ్ళు నిన్ను చూస్తూనే ఉన్నారు. నీకు పిచ్చి అనుకుంటున్నారు. పిచ్చివాడిని కాల్చరు."

వెంకటరాజు దూదితో సూది తుడుస్తున్నాడు.

"ఆ ఆకుపచ్చ మెట్ల మేడలో పడుకోమంటే ఒక్కడూ పడుకోడు. గుమ్మం మాట్లాడుతుందట. మనుషుల భాష కాదట. జిన్నుల భాష."

"అక్కడ వంటమనిషి ఉండేది. మా భాషే అది. ఆమెను తీసుకొచ్చేశాం."

"అలాగా. పక్క మేడలోది కూడా మీవాళ్ళేనా? వంటింట్లో ఎవరో గిన్నె కొడతారు."

"ఎప్పుడు విన్నారు?"

"నిన్న."

ఆ ఫ్లాటు గది గదీ వెతికి అప్పటికి వారం దాటింది.

పోయేముందు కెప్టెన్ యంత్రం సంగతి ఎత్తలేదు. చెక్‌పోస్టులకు చూపించమని ఒక చీటీ రాసిచ్చాడు. "బస్సులు దొరికితే వీళ్ళను తీసుకుని వెళ్ళిపో. మా తర్వాత వచ్చేవాళ్ళు నా మాట వినరు," అన్నాడు.

ఆ మధ్యాహ్నమే సూరాయమ్మను వెంటబెట్టుకుని ఆ మేడ ఎక్కాడు. తలుపు వాళ్ళు వదిలినట్టే తెరిచి ఉంది. వంటింట్లో గిన్నె ఉంది. గరిటె లేదు. సూరాయమ్మ తన చేతి గాజుతో గిన్నె అంచు మీద తట్టింది. సన్నటి మోత లేచి గోడల్లో ఇంకిపోయింది. ఇద్దరూ కదలకుండా విన్నారు. ఎక్కడో కింది అంతస్తులో తలుపు మూసుకున్న చప్పుడు, అంతే. పరుగున దిగి చూశారు. ఆ వరసలో తలుపులన్నీ మూసే ఉన్నాయి. ఒక్కొక్కటీ తట్టారు.

"రామ్మా," అని పిలిచింది సూరాయమ్మ ప్రతి తలుపు దగ్గరా. "నేనేనమ్మా, గిన్నె కొట్టేదాన్ని. భయం లేదు, రా."

గడప దగ్గర రొట్టెలు, నీళ్ళ సీసా పెట్టి వచ్చారు. మర్నాటికి రొట్టెలు లేవు. సీసా లేదు.

"పిల్లులు సీసా పట్టుకుపోవు గదండీ," అంది సూరాయమ్మ.

ఇంతలో బస్సులు దొరికాయి. మిర్కాబ్ పేటలో ఎవరో బస్సుల మేస్త్రీతో మాట్లాడి చిన్నపుల్లయ్య కుదిర్చాడు. బాస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ దాకా. వెంకటరాజు ఒక రోజు ఆపమన్నాడు. ఆ రోజంతా ఆ మేడ మెట్ల మీద కూర్చుని తనకు తెలిసిన భాషలన్నిటిలో పిలిచాడు. జవాబు రాలేదు. రెండో రోజు కూడా ఆపమన్నాడు. బస్సు డ్రైవర్లు మొండికేశారు. స్కూల్లో కళావతికి జ్వరం, నెలలు నిండిన ఒకామెకు నొప్పులు మొదలయ్యేలా ఉన్నాయి. మహబూబ్ బీ వచ్చి ఆయన పక్కనే మెట్టు మీద కూర్చుంది.

"నూరు మంది బస్సుల్లో కూకోని ఉండారు సార్. ఆ ఒక్కమ్మి రానంటాండాది."

"రానంటున్నదో, రాలేకపోతున్నదో."

"మనకు తెలీదు. తెలీకుండానే పోవాల. నువ్వు చెప్తే గాని బండి కదలదు. చెప్పు."

ఆయన లేచాడు. పైకి చూసి మరోసారి పిలిచాడు. తర్వాత దిగి వచ్చి, పోనివ్వమని డ్రైవరుకు చెప్పాడు. తన జీవితంలో ఎన్నో చావులు ప్రకటించిన మనిషి, ఆ ఒక్కమాట చెప్పడానికి పడ్డ కష్టం మరెప్పుడూ పడలేదని తర్వాత భార్యతో అన్నాడు.

దారి పొడుగునా సూరాయమ్మ కిటికీ అద్దానికి చెవి ఆన్చి కూర్చుంది. ఎడారిలో ఎండమావులు నీళ్ళలా కదులుతుంటే వాటిలో మనుషులు నిలబడ్డట్టు కనిపించి అందరూ అటే చూసేవారు. దగ్గరికి వెళితే పాతబడిన టైర్లు, వదిలేసిన పెట్టెలు. జోర్డాన్ సరిహద్దు శిబిరంలో, గుడారం కింద, నొప్పులొచ్చినామెకు మగపిల్లాడు పుట్టాడు. అమ్మాన్ నుంచి విమానాలు బొంబాయి వెళ్ళాయి. వెంకటరాజు చివరి బస్సువాళ్ళు ఎక్కేదాకా ఉండి, తర్వాత ఆక్లాండ్ చేరాడు. సత్యదుర్గ ఆయన్ని విమానాశ్రయంలో గుర్తుపట్టలేదు. ఇంట్లో డోర్‌బెల్ మోగితే చాలాకాలం ఆయన లేచి వెళ్ళేవాడు కాదు.

ఏడాది తిరగకుండానే ఫిజీకి తిరిగి వెళ్ళిపోదామన్నాడు. లబాసాలో మళ్ళీ మందుల బల్ల వేశాడు. ఎన్నికలు వచ్చినప్పుడు రైతు పెద్దలు ఈసారి ఆయన దగ్గరికి రావడానికి మొహమాటపడ్డారు. ఆయనే వాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. గెలిచి పార్లమెంటులో ప్రతిపక్షపు బెంచీ మీద కూర్చున్నాడు. ఉపన్యాసాలు బాగా చెప్పేవాడు కాదు. కాని ఏ కౌలు రైతును పొలం నుంచి ఖాళీ చేయించినా, ఆ ఇంటి ముందు వెళ్ళి నిలబడేవాడు. అధికారులు వచ్చి మాట్లాడేదాకా కదిలేవాడు కాదు. రెండోసారి కూడా గెలిచాడు.

ఆ రోజుల్లో పార్లమెంటు బృందంతో ఢిల్లీ వచ్చినప్పుడు, నాలుగు రోజులు సెలవడిగి గోదావరి జిల్లాకు వెళ్ళాడు. నాయనమ్మ ఊరు పేరు ఆయనకు తెలియదు. సూరాయమ్మ ఊరు తెలుసు.

ఆవిడ పెంకుటింటి అరుగు మీద చింతపండు పిక్క తీస్తోంది. చూసి లేచి, "మీరా అండి" అని, చాప వేసి, మరుక్షణం వంటింట్లోకి వెళ్ళింది. రొయ్యల ఇగురుతో అన్నం పెట్టాక గాని మాట మొదలుపెట్టలేదు.

"మళ్ళీ ఎల్లేనండి," అంది.

"ఎక్కడికమ్మా?"

"కువైటండి. యుద్ధం అయిపోయేక మామా, అదే ఆ ఇంటామె, ఫోను చేసి ఏడ్చిందండి. ఈసా పంపింది. ఎల్లి మూడేళ్ళు చేసేను. అదే ఇల్లు, అదే వంటిల్లు."

వెంకటరాజు ముద్ద చేతిలోనే ఆగింది. "భయం వేయలేదా?"

"ఏసిందండి. మరేటి చేస్తాం." ఆవిడ మజ్జిగ వంచింది. "ఆమె సంగతి అడిగేనండి. మేడ కింద కొట్టబ్బాయి చెప్పేడు. మనం వచ్చేసేక చానాళ్ళు ఒక మనిషి కొట్టుకొచ్చేదంటండి. సింహళం మనిషంట. మాట్టాడేది కాదంట. రొట్టె కావాలంటే గరిటెతో బల్ల మీద కొట్టేదంట. చలికాలం దాకా వచ్చిందంట. తరవాత రాలేదంట. ఎల్లిపోయిందో, ఏటయ్యిందో అతనికి తెలవదు."

ఆయన మనసులో లెక్క వేసుకున్నాడు. అంటే ఆ రోజు వాళ్ళు తలుపులు తడుతున్నప్పుడు ఆమె లోపల ఉంది. వింటూనే ఉంది. తాళం మీద గడ్డపార దెబ్బలు విని, పక్కింటామెను సైనికులు ఎత్తుకుపోయారనుకుంది. ఆ తర్వాత తెలియని భాషల్లో ఒక మగగొంతు రోజుల తరబడి రమ్మని పిలిచింది. అవతలివైపు కూర్చుని అది ఎలా వినిపించి ఉంటుందో ఇప్పుడు ఊహించుకున్నాడు.

"నా మాట ఆమెకు అర్థం కాలేదు గదూ," అన్నాడు.

"నాది మాత్రం అయ్యిందేటండి," అంది సూరాయమ్మ. "చల్లారిపోతంది, తినండి."

ఆయన తిన్నాడు. సాయంత్రం బస్సుకు రాజమండ్రి వెళ్ళాలి. ఆవిడ రోడ్డు దాకా వచ్చి, మోకాళ్ళ నొప్పికి మాత్ర పేరు అడిగింది. ఆయన తెలుగు రాయలేడు కాబట్టి ఇంగ్లీషులో రాసిచ్చాడు. మందుల కొట్టువాడు చదువుతాడులెండని ఆవిడ కాగితం కొంగున ముడేసుకుంది. బస్సు వచ్చింది.